మచిలీపట్నం బందరు: కౌలు మీద నిలిచిన నగరం

చరిత్ర అనగానే మనకు పట్టాభిషేకాలు, యుద్ధాలు, కోటల ముట్టడులు గుర్తుకు వస్తాయి. వాటి సంవత్సరాలు పాఠ్యపుస్తకాల్లో దొరుకుతాయి. ఐతే ఒక పరాయి దేశపు వర్తకుడు తెలియని ఊళ్ళో దిగి, తన సరుకును గిడ్డంగిలో పెట్టి, తెల్లవారేసరికి అది అక్కడే ఉంటుందన్న భరోసాతో నిద్రపోగలిగాడా లేదా అన్నది కూడా చరిత్రే. ఆ భరోసా ఉన్న ఊళ్ళు నగరాలైనాయి. అది పోయిన నగరాలు మళ్ళీ ఊళ్ళైనాయి. ఈ మాటకు మన తెలుగు తీరంలో మచిలీపట్నాన్ని మించిన నిదర్శనం లేదు.

జొన్నగిరి, ఆదోని, ఎమ్మిగనూరు వంటి మెట్ట ప్రాంతాల పాఠకులకు సముద్రం వందల మైళ్ళ దూరం. పత్తి, జొన్న, వేరుశనగ మధ్య బ్రతికే మనకు రేవుపట్నంతో ఏమి పని అనిపించవచ్చు. కాని మన నోటిలోని మాటలను గమనించండి. లంగరు, సరంగు, రసీదు, దలాలి, కలంకారి - ఇవన్నీ పారసీ, అరబీ భాషల నుంచి వచ్చి తెలుగులో కలిసిపోయిన మాటలు. మచిలీపట్నాన్ని తెలుగువారు నేటికీ బందరు అనే పిలుస్తారు. బందర్ అంటే పారసీలో ఓడరేవు. ఒక ఊరిపేరు మరుగునపడి, దాని వృత్తి పేరే ఊరిపేరు కావటం అరుదైన విషయం.

ఇలాంటిదే మరొక మాట కౌలు. నేడు మన రైతుకు కౌలు అంటే ఇతరుల భూమిని ఒప్పందంపై సాగు చేయటం. దీని మూలం అరబీలోని ఖౌల్. అంటే పలికిన మాట, ఇచ్చిన మాట. ఆనాడు పాలకుడు వర్తకునికి వ్రాసి ఇచ్చిన వాగ్దాన పత్రానికి కూడా కౌలు అనే పేరు. నీ ప్రాణానికి, ధనానికి మా రాజ్యంలో భయం లేదు, ఇంతకు మించి సుంకం అడగము అని అందులో ఉండేది. మచిలీపట్నం చరిత్ర ఈ ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది.

నీటి మధ్య ఊరు

ప్రకృతి ఈ ఊరికి పెద్దగా ఏమీ ఇవ్వలేదు. కృష్ణానది సముద్రంలో కలిసేచోట, బాడవ నేలలో, ఉప్పుటేరుల నడుమ ఏర్పడిన రేవు ఇది. పోటు వచ్చినప్పుడు చుట్టూ నీళ్ళు నిండి దాదాపు ద్వీపమయ్యేది. 17వ శతాబ్దంలో ఇక్కడికి వచ్చిన యూరపు యాత్రికులు బురద నేలపై వేసిన పొడవాటి కర్ర వంతెనల గురించి ప్రత్యేకంగా వ్రాశారు. ఆ వంతెనల మీదుగానే జనం, పల్లకీలు, సరుకుల కావళ్ళు ఊళ్ళోకి వచ్చేవి.

1618 నుంచి 1622 వరకు ఇక్కడ ఇంగ్లీషు కంపెనీ వ్యవహారాలు చూసిన విలియం మెత్వోల్డ్ ఈ ఊరిని చూసి ముచ్చటపడలేదు. ప్రహరీగోడ లేదు, ఇళ్ళు నాసిరకం, ఊరిలోని బావుల నీళ్ళు ఉప్పగా ఉంటాయి, వెలుపలి నేల ప్రతి పెద్ద పోటుకూ మునుగుతుంది అని అతని ఫిర్యాదు. జనసమ్మర్దం మాత్రం ఎక్కువ అని ఒప్పుకున్నాడు. పెద్ద ఓడలు ఒడ్డుకు రాలేవు. కొన్ని మైళ్ళ దూరంలో లంగరు వేస్తే, చిన్న పడవల్లో సరుకు చేరవేయాలి.

ఐనా ఒక మేలు ఉంది. తీరం ఇక్కడ వంపు తిరిగి ఉండటం వల్ల నైరుతి ఋతుపవనపు అలల ఉధృతి కొంత తగ్గుతుంది. కోరమాండల్ తీరంలో ఓడలకు అంతపాటి ఆశ్రయమే అపురూపం. వెనుక కృష్ణా, గోదావరి మండలాల వరి పొలాలు, వేలాది మగ్గాలు ఉన్నాయి. ఉత్తరాన నరసాపురంలో గోదావరి వెంట దిగివచ్చిన టేకుతో ఓడలు కట్టే నిపుణులు ఉన్నారు. ఇవి అనుకూలతలే. కాని ఇలాంటి అనుకూలతలు గల రేవులు ఈ తీరంలో ఇంకా కొన్ని ఉన్నాయి. ప్రపంచపు ఓడలు ఇక్కడికే రావటానికి మరొక కారణం కావాలి.

ఈ సందర్భంలో హుర్ముజ్ ద్వీపాన్ని తలచుకోవటం అవసరం. పారసీక సింధుశాఖ ముఖద్వారంలో ఉన్న ఆ ద్వీపంలో ఉప్పు, రాళ్ళు తప్ప ఏమీ పండదు. త్రాగేనీరు కూడా బయటినుంచి పడవల్లో రావలసిందే. ఐనా అది శతాబ్దాలపాటు ప్రపంచంలోని గొప్ప రేవులలో ఒకటి. తైమూరు వంశపు రాజు షారుఖ్ దూతగా 1442లో అక్కడినుంచి ఓడ ఎక్కి, కళ్ళికోట మీదుగా మరుసటి సంవత్సరం విజయనగరానికి వచ్చిన అబ్దుర్రజాఖ్ దాని రహస్యాన్ని వ్రాసిపెట్టాడు. అన్ని మతాలవారూ అక్కడ ఉన్నారట. ఎవరిపైనా అన్యాయం జరగనీయరట. అందుచేత ఆ నగరాన్ని దారుల్ అమాన్, అంటే అభయస్థానం అని పిలిచేవారట. నీళ్ళు లేని ద్వీపానికి ప్రపంచాన్ని రప్పించింది ఈ అభయమే. ఆదోని దుర్గం ఆనాడు విజయనగర రాజ్యంలోనిదే. ఆ రాజ్యపు సైన్యాలకు కావలసిన అరబ్బీ, పారసీ గుర్రాలు హుర్ముజ్ దారిలోనే ఎక్కువగా వచ్చేవి.

మోటుపల్లి శిల చెప్పినది

అభయమిచ్చి వర్తకులను పిలవటం తెలుగుదేశానికి సుల్తానులతో వచ్చిన కొత్త సంగతి కాదు. మచిలీపట్నానికి నైరుతి దిక్కున, నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లిలో కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనం ఉన్నది. అంతకుముందటి రాజులు తుఫానుకు కొట్టుకువచ్చి పగిలిన ఓడల సరుకును బలవంతంగా స్వాధీనం చేసుకునేవారు. సముద్రంలో సర్వస్వం పోగొట్టుకుని ప్రాణాలతో ఒడ్డుకు చేరినవాణ్ణి ఒడ్డున ఉన్న రాజు మళ్ళీ దోచేవాడన్నమాట. గణపతిదేవుడు ఈ ఆచారాన్ని రద్దు చేశాడు. ఎగుమతి దిగుమతులపై ముప్పై వంతుల్లో ఒక వంతు సుంకం తప్ప మరేమీ తీసుకోనని ప్రకటించాడు. 1358లో రెడ్డిరాజు అనవోతారెడ్డి కూడా మోటుపల్లిలో వర్తకులకు ఇలాంటి హామీనే శాసనంగా వేయించాడు.

ఈ శాసనంలో రెండు విషయాలు గమనార్హం. మొదటిది, అది రాతిమీద, అందరూ చూసేచోట చెక్కించినది. రెండవది, అది ఏ ఒక్క వర్తకునికో, ఏ ఒక్క దేశానికో ఇచ్చినది కాదు. దేశదేశాల నుంచి వచ్చే నావికులందరికీ ఇచ్చినది. ఇస్లామీయ న్యాయశాస్త్రం చదివినవారికి ఇందులో పరిచితమైన భావమే కనిపిస్తుంది. అభయం, అంటే అమాన్ పొంది వచ్చిన పరాయివాణ్ణి ఫిఖ్హ్ గ్రంథాలు ముస్తామిన్ అంటాయి. అతని ప్రాణం, ధనం ఆ రాజ్యపు పూచీ. శైవుడైన కాకతీయ రాజు శిలపై చెక్కించినదీ, మన ఫుఖహా గ్రంథాల్లో నిర్ణయించినదీ ఈ విషయంలో ఒకదానికొకటి దూరం కావు. న్యాయబుద్ధి అల్లాహ్ మానవులందరికీ ఇచ్చిన వరం.

కుతుబ్‌షాహీల కాలం

16వ శతాబ్దంలో గోల్కొండ కుతుబ్‌షాహీల పాలనలో మచిలీపట్నం తూర్పుతీరంలోని ప్రధాన రేవుగా ఎదిగింది. 1591లో, హిజ్రీ 1000వ సంవత్సరంలో, ముహమ్మద్ కులీ కుతుబ్‌షా హైదరాబాదును నిర్మించినప్పటి నుంచి రాజధానికి సముద్రద్వారం బందరే. కొండపల్లి, బెజవాడల మీదుగా సాగే ఆ దారిలో ఎద్దులమీద పెరికెలు నిత్యం నడిచేవి.

ఓడల రాకపోకలు గాలులను బట్టి ఉండేవి. పెగూ, అచె, తెనసరిం వెళ్ళే ఓడలు సెప్టెంబరులో బయలుదేరి మార్చి, ఏప్రిల్ నెలల్లో తిరిగి వచ్చేవి. ఎర్రసముద్రం వెళ్ళేవి జనవరిలో బయలుదేరి సెప్టెంబరు, అక్టోబరు నాటికి చేరేవి. ఇక్కడినుంచి నూలు బట్టలు, బియ్యం, నీలిమందు, ఇనుము, ఉక్కు, వజ్రాలు వెళ్ళేవి. బర్మా నుంచి కెంపులు, బంగారం, సుమత్రా నుంచి మిరియాలు, సాంబ్రాణి, కర్పూరం, తెనసరిం నుంచి ఏనుగులు, తగరం, ఇరాను నుంచి గుర్రాలు, పన్నీరు, తివాచీలు వచ్చేవి. 1622లో ఇరాను షా అబ్బాస్ సేనలు ఇంగ్లీషు ఓడల సాయంతో పోర్చుగీసుల నుంచి హుర్ముజ్‌ను గెలిచాయి. ఆ ద్వీపపు వ్యాపారం బందరు అబ్బాసుకు మారింది. ఆ తరువాత మన బందరు నుంచి ఆ బందరుకు గోల్కొండ ఓడలు నడిచాయి.

ఇంతటి వ్యాపారం ఏ ఒక్క జాతి వల్లా నడవలేదు. ఇరాను వర్తకులు, అరబ్బులు, ఆర్మీనియన్లు, తమిళ తీరపు చూలియా ముస్లిములు, తెలుగు కోమట్లు, బలిజలు అందరూ ఇందులో ఉన్నారు. నేతగానికి ముందుగా పైకమిచ్చి బట్ట సేకరించేవాడు ఒకడు, దానికి హామీ ఉండేవాడు ఇంకొకడు, ఓడ యజమాని వేరొకడు, నఖుదా మరొకడు. సరుకు అమ్ముడుపోయి డబ్బు తిరిగి రావటానికి సంవత్సరం పైగా పట్టేది. ఒకరినొకరు నమ్మకపోతే, వ్రాతకోతలు సరిగ్గా లేకపోతే ఇది ఒక్క సీజను కూడా సాగదు. దివ్య ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్ బఖరా సూరాలోని 282వది. అది అప్పును వ్రాతలో పెట్టుకోవటం గురించి, సాక్షుల గురించి చెప్పే ఆయత్ అన్న సంగతి వర్తకం చేసేవారు మరువరాదు.

హజ్ ఓడలు

ముస్లిముల దృష్టిలో బందరుకు మరొక గౌరవం ఉంది. 16వ శతాబ్దం చివరి దశాబ్దాల నుంచి ఇక్కడినుంచి నేరుగా ఎర్రసముద్రానికి ఓడలు నడిచాయి. దక్కను హాజీలకు అంతకుముందు పడమటి తీరపు రేవులే దిక్కు. ఇక తూర్పు దక్కను యాత్రికులు బందరులో ఓడ ఎక్కి, సింహళం చుట్టివచ్చి, ఏడెన్, మోఖా దాటి జిద్దా చేరగలిగారు. సుల్తానుల ఓడల్లో మక్కా, మదీనా నగరాల పేదలకు పంచటానికి బియ్యం కూడా వెళ్ళేది. కృష్ణా డెల్టా రైతు పండించిన గింజ హరమ్ షరీఫ్ పరిసరాల్లోని పేదవాని ఆకలి తీర్చిందని తలచుకుంటే మనసు నిండుతుంది.

ఐతే ఆ ప్రయాణం నిరాటంకం కాదు. హిందూ మహాసముద్రంలో ఓడ నడపాలంటే తమ అనుమతి పత్రం కొనవలసిందేనని పోర్చుగీసులు శాసించారు. ఆ పత్రాన్ని కర్తాజ్ అనేవారు. అది లేని ఓడను పట్టుకునేవారు. కౌలుకు, కర్తాజ్‌కు తేడా ఇక్కడే ఉంది. రెండూ కాగితాలే. రెండూ రక్షణ అనే మాటనే వాడతాయి. కౌలు ఇచ్చేవాడు తన నేలమీద తాను భద్రత కల్పిస్తానంటాడు. కర్తాజ్ ఇచ్చేవాడు ఎవరి సొత్తూ కాని సముద్రంమీద, తానే సృష్టించిన భయం నుంచి రక్షణ అమ్ముతాడు.

మగ్గం, గని

బందరు ఐశ్వర్యానికి పునాది తెలుగు నేతగాడు, అద్దకపువాడు. చిరివేరు నుంచి తీసిన ఎర్రరంగు ఎన్ని ఉతుకులకైనా వెలిసేది కాదు. నిజాంపట్నం పరిసరాల ఎరుపుకు ప్రత్యేక ఖ్యాతి ఉండేది. మొలుక్కా దీవుల ప్రజలు జాజికాయ, లవంగాలు అమ్మటానికి వెండికన్నా మన తీరపు బట్టలనే ఎక్కువగా కోరేవారు. డచ్చివారు 1605లో, ఇంగ్లీషువారు 1611లో బందరులో దిగటానికి ముఖ్యకారణం ఇదే. సుగంధద్రవ్యాలు కావాలంటే ముందు తెలుగు బట్ట చేతిలో ఉండాలి.

రెండవ ఆకర్షణ వజ్రం. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనులు, మన జిల్లాలోని రామళ్ళకోట గనులు ప్రసిద్ధమైనవి. ఫ్రెంచి రత్నవర్తకుడు తవెర్నియే గనుల వద్ద బేరం జరిగే తీరును వర్ణించాడు. కొనేవాడు, అమ్మేవాడు ఎదురెదురుగా కూర్చుని, చేతులమీద గుడ్డ కప్పుకుని, వేళ్ళ స్పర్శతోనే ధర చెప్పుకునేవారట. ఒక్కమాట కూడా బయటికి రాదు. ఐనా కుదిరిన బేరం కుదిరినట్లే. తొలకరి వానలకు జొన్నగిరి, తుగ్గలి, మద్దికెర పొలాల్లో వజ్రాలు వెదికే జనాన్ని మనం నేటికీ చూస్తున్నాము. దొరికిన రాయి విలువ తెలియని కూలీకి, తెలిసిన వ్యాపారికి మధ్య జరిగే ఆ బేరంలో న్యాయం ఎంత అన్న ప్రశ్న నాటిదే, నేటికీ అదే.

ఈ రేవు వ్యాపారంలోని చీకటికోణాన్ని దాచటం చరిత్రకు అన్యాయం. క్షామాలు వచ్చినప్పుడు ఆకలికి తాళలేక తమను, తమ బిడ్డలను అమ్ముకున్నవారు ఈ తీరంలో ఉన్నారు. వారిని కొని డచ్చి ఓడలు తూర్పు దీవులకు బానిసలుగా తీసుకుపోయాయి. అరకాను నుంచి ఇక్కడికి బానిసలు వచ్చిన సందర్భాలూ ఉన్నాయి. ఓడయజమానికి దొరికిన అభయం ఆ దీనులకు దొరకలేదు.

అందరి కౌలు, కొందరి ఫర్మానా

యూరపు కంపెనీలు వచ్చాక కౌలు స్వభావం మారింది. 1606లో డచ్చివారు ఎగుమతి దిగుమతులపై నూటికి నాలుగు చొప్పున సుంకం చెల్లించే ఏర్పాటు సంపాదించారు. తరువాత సరుకు లెక్కతో పనిలేకుండా ఏటా ఒక ముద్దమొత్తం చెల్లించే ఏర్పాటు చేసుకున్నారు. స్థానిక అధికారుల పీడన భరించలేమని 1628లో బందరు విడిచిపోయిన ఇంగ్లీషువారు తిరిగివచ్చి, 1632లో అబ్దుల్లా కుతుబ్‌షా నుంచి ఫర్మానా పొందారు. 1634లో అది మళ్ళీ ఖాయమైంది. చరిత్రలో దీన్నే బంగారు ఫర్మానా అంటారు. ఏటా 500 వరహాలు చెల్లిస్తే చాలు, గోల్కొండ రేవులన్నిటా వ్యాపారం చేసుకోవచ్చు.

అధికారుల పీడన నిజమే. రేవు వసూళ్ళను ఎక్కువ పాడినవానికి ఇజారాకు ఇచ్చేవారు. అతడు తాను పాడిన మొత్తాన్ని ఏడాదిలోగా ఎలాగైనా రాబట్టుకోవాలి. ఆ భారం వర్తకునిపైన, వర్తకుని ద్వారా నేతగానిపైన పడేది. ఈ రోగానికి సరైన మందు మోటుపల్లి శిలమీదనే ఉన్నది: అందరికీ ఒకే రేటు, అందరికీ తెలిసేలా ప్రకటన. దర్బారు ఆ మందు వేయలేదు. గట్టిగా అడిగినవానికి, ఫిరంగులు గల ఓడ ఉన్నవానికి, విడిగా మినహాయింపు ఇచ్చింది. సరుకు పదింతలైనా ఇంగ్లీషువారి చెల్లింపు 500 వరహాలే. పైగా ఇతరుల సరుకును తమ పేరుమీద దాటించి లాభం పంచుకునే పద్ధతి కంపెనీ ఉద్యోగుల్లో ప్రబలింది. ఊళ్ళో పుట్టిన వర్తకుడు పూర్తి సుంకం చెల్లించి, సముద్రం దాటి వచ్చినవాని ముందు పోటీకి నిలవలేకపోయాడు.

గణపతిదేవుని మాట శిలమీద ఉంది. దారినపోయే ఎవరైనా చదివించుకోవచ్చు. బంగారు ఫర్మానా కంపెనీ పెట్టెలో ఉంది. మొదటిది హక్కు, రెండవది రాయితీ. నగరం హక్కుతో పెరిగింది. రాయితీతో కంపెనీ పెరిగింది.

ఇంగ్లీషువారు అక్కడితో ఆగలేదు. 1639లో దామర్ల నాయకుల నుంచి కౌలు పొంది మద్రాసులో కోట కట్టుకున్నారు. 1641లో కోరమాండల్ తీరపు ముఖ్యస్థానాన్ని బందరు నుంచి అక్కడికి మార్చారు. ఒకరి అభయం క్రింద వర్తకం చేయటంకన్నా తమ ఫిరంగుల క్రింద వర్తకం చేయటం వారికి నచ్చింది.

అమీరే వర్తకుడైతే

తప్పంతా పరాయివారిదే అనుకుంటే మనం చరిత్ర నుంచి ఏమీ నేర్చుకోము. ఇరానులోని అర్దిస్తాన్ నుంచి వచ్చిన మీర్ ముహమ్మద్ సయీద్ వజ్రాల వ్యాపారంతో జీవితం ఆరంభించి, 1630ల్లో మచిలీపట్నం పాలనాధికారి అయ్యాడు. తరువాత గోల్కొండ దర్బారులో మీర్ జుమ్లాగా అత్యున్నతస్థానం పొందాడు. 1650లో గండికోటను జయించాడు. అసాధారణ సమర్థుడు. ఐతే గనులూ ఆయనవే, ఓడలూ ఆయనవే, బట్టల కొనుగోలుపై అదుపూ ఆయనదే అయింది. సుంకం వసూలు చేసే చేతికీ, సరుకు అమ్మే చేతికీ తేడా లేకపోతే సామాన్య వర్తకునికి న్యాయం ఎవరు చెప్పాలి? 1656 నాటికి ఆయన సుల్తానును విడిచి మొగలుల పక్షాన చేరాడు. గోల్కొండపై ఔరంగజేబు దాడికి అది దారితీసింది.

ఇబ్ను ఖల్దూన్ 1377లో రచించిన ముఖద్దిమాలో ఈ విషయం సూటిగా చర్చించాడు. పాలకుడు స్వయంగా వర్తకానికి దిగితే ప్రజలకు నష్టం, చివరకు ఖజానాకూ నష్టమే అని ఆయన నిర్ణయం. ఎందుకంటే పాలకునితో ఎవరూ సమానంగా పోటీపడలేరు. పోటీపడలేనివారు వ్యాపారం మానుకుంటారు. వ్యాపారం పోతే సుంకమూ పోతుంది. ఆయన చెప్పిన వరుసక్రమం బందరులో దాదాపు అక్షరాలా జరిగింది.

పతనం, ఆదోని సంబంధం

1685 నుంచి 1687 వరకు క్షామం, అంటువ్యాధి ఈ ప్రాంతాన్ని ఊడ్చిపెట్టాయి. 1686లో డచ్చివారు సుల్తానుతో తగాదాను సాకుగా తీసుకుని బందరును ఆక్రమించారు. అభయం కోరి వచ్చినవారే ఆయుధంతో ఊరిని పట్టటం అదే మొదలు. 1687 సెప్టెంబరులో గోల్కొండ మొగలుల వశమైంది. మరుసటి ఏడాది ఆదోని కూడా వారి చేతికి చిక్కింది. ఆదోని జామియా మసీదును కట్టించిన సిద్దీ మసూద్ అప్పుడు అక్కడి పాలకుడు.

1750లో ఫ్రెంచివారు బందరును పొందారు. 1759 ఏప్రిల్ 8 తెల్లవారుజామున కర్నల్ ఫోర్డ్ నాయకత్వాన ఇంగ్లీషు సేన బురద నేలను దాటివచ్చి కోటను పట్టుకుంది. ఫ్రెంచివారికి సాయంగా వచ్చిన నిజాం సలాబత్ జంగ్ చివరకు మే నెలలో బందరును ఇంగ్లీషువారికే వ్రాసి ఇచ్చాడు. ఇక కౌలు ఇచ్చేవాడు, పుచ్చుకునేవాడు తారుమారయ్యారు.

ఈ కథ ఇక్కడ మన ప్రాంతానికి వస్తుంది. సలాబత్ జంగ్ తమ్ముడు బసాలత్ జంగ్ ఆదోనిని కేంద్రంగా చేసుకుని పాలించాడు. గుంటూరు సర్కారు కూడా ఆయన జాగీరే. ఆ సర్కారులోనిదే మోటుపల్లి రేవు. ఒకనాడు గణపతిదేవుడు ప్రపంచ వర్తకులకు అభయమిచ్చిన ఆ రేవులోనే, బసాలత్ జంగ్ కొలువులోని ఫ్రెంచి దళానికి మనుషులు, ఆయుధాలు దిగాయి. మిరియాలు, ముత్యాలు దిగినచోట తుపాకులు దిగాయి. 1779లో ఇంగ్లీషువారు ఒత్తిడి తెచ్చి ఆయనతో ఒప్పందం చేసుకుని, గుంటూరును తమ అదుపులోకి తెచ్చుకుని, ఆదోనికి సేనను పంపబోయారు. హైదర్ అలీ మనుషులు ఆ సేనను దారిలో అడ్డగించారు. మరుసటి ఏడాది మొదలైన రెండవ మైసూరు యుద్ధానికి ఇది ఒక కారణం. 1782లో బసాలత్ జంగ్ మరణించాడు. 1786లో టిప్పు సుల్తాను ఆదోనిని పట్టుకున్నాడు. 1788లో గుంటూరు శాశ్వతంగా కంపెనీ పరమైంది. 1800లో ఆదోనితో సహా దత్తమండలాలు కూడా కంపెనీకే దక్కాయి. సముద్రం ఎంత దూరమైనా, రేవు చేయి జారితే మెట్ట నేల కూడా చేయి జారుతుందని మన పూర్వులకు అనుభవంలోకి వచ్చింది.

ఉప్పెన, ఆ తరువాత

1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెన బందరును ముంచింది. సముద్రం మైళ్ళకొద్దీ లోపలికి వచ్చింది. సుమారు 30 వేలమంది ప్రాణాలు పోయాయని అంచనా. ఈ ఉప్పెనే బందరును చంపిందని సాధారణంగా చెబుతారు. కాని 1679లో కూడా పెద్ద తుఫాను వచ్చింది. అప్పుడు ఓడలు రావటం మానలేదు. 1864 నాటికి ఇంగ్లండు మిల్లు బట్టల ధాటికి మగ్గాలు మూలపడ్డాయి. వ్యాపారం మద్రాసుకు, కాకినాడకు తరలిపోయింది. తిరిగి లేపే శక్తి ఊరికి మిగలలేదు.

నేడు బందరులో డచ్చివారి సమాధులు, కోట శిథిలాలు ఉన్నాయి. పక్కనున్న పెడనలో కలంకారి అద్దకం ఇంకా బ్రతికి ఉంది. 2023 మే 22న కొత్త రేవు నిర్మాణ పనులు మొదలయ్యాయి. లోతైన కాలువలు, పెద్ద క్రేన్లు అవసరమే. పాత బందరుకు మాత్రం అవేమీ లేవు. ఓడ ఆగే లోతు లేదు, త్రాగే నీరు లేదు, గోడ లేదు. ఐనా అది నిలిచిన కాలమంతా అందరికీ చెల్లే ఒక మాట మీద నిలిచింది. ఆ మాట కొందరికి రాయితీగా, కొందరికి పీడనగా మారిన నాటినుంచి అది లోలోపల కూలుతూ వచ్చింది.

మాయిదా సూరా మొదటి ఆయత్ విశ్వాసులకు ఒడంబడికలను నెరవేర్చమనే ఆదేశంతోనే ఆరంభమవుతుంది. మహాప్రవక్త (స) ప్రవక్త పదవికి ముందే వర్తకులై, ప్రజలచేత అమీన్ అనిపించుకున్నారు. పత్తిమండీలో తూకం వేసేవానికీ, పొలంలో దొరికిన రాయికి ధర కట్టేవానికీ, భూమిని కౌలుకిచ్చేవానికీ, తీసుకునేవానికీ ఈ ఆదేశం సమానంగా వర్తిస్తుంది. కౌలు అనే పదాన్ని మనం ప్రతి సంవత్సరం దుక్కుల కాలంలో పలుకుతూనే ఉన్నాము. దాని అర్థం ఇచ్చిన మాట అని గుర్తుంచుకుని పలికే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.